కొత్త ట్రాకు వద్దు, కాల్వ కట్టకు బాణం గుర్తులు చాలు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను నాగార్జునసాగర్ ఎడమ కాల్వ మీద ముప్పై ఒక్క ఏండ్లు వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషిని. మాది మిర్యాలగూడ. జీపు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు వచ్చిననాడే కనిపించేది, మిగతా దినాలన్నీ నాకు నా అట్లాస్ సైకిలే గతి. పొద్దున్నే కట్ట ఎక్కితే తూము తూముకూ ఆగి, కాల్వ చూసుకునే లస్కర్లతో నాలుగు మాటలాడి, నీటిమట్టం చూపే గేజి రాసుకొని, మధ్యాహ్నానికి ఏ వేపచెట్టు కిందనో సద్ది విప్పేవాణ్ని. ఇప్పుడు రాయబోయేది జర్మనీలో సైకిల్ తొక్కొచ్చిన ముచ్చట. అయితే అక్కడి నది గట్టు మీద ఉన్న ఐదు దినాలూ నా కండ్లల్ల మెదిలింది మాత్రం ఈ కాల్వ కట్టే. అందుకే ముందు దాని సంగతి చెప్పుకున్నాను. ఈ కట్ట బాటను సైకిలు దారి చేయమన్నదే నా మనవి.

మా బిడ్డ, అల్లుడు దక్షిణ జర్మనీలో ఉల్మ్ అనే ఊళ్లో ఉంటారు. ఊరి పక్కనే డాన్యూబ్ నది. అక్కడివాళ్లు దోనౌ అంటారు. నిరుడు ఎండాకాలం పోయాక మూడు నెలలు వాళ్ల దగ్గర ఉన్నాను. వారం తిరక్కముందే నాకు ఇంట్లో కాలు నిలవలేదు. అల్లుడు కనిపెట్టి, "మామా, మీకు సైకిలు అలవాటే గదా, నది వెంట పోదాం రండి" అని నాకొకటి కిరాయికి తెచ్చాడు. బెల్లు లేకుండా, చీకటి పడితే ముందు లైటు, వెనక లైటు లేకుండా అక్కడ సైకిలు రోడ్డెక్కొద్దట, చట్టం. నా అట్లాసుకు ముప్పై ఏండ్లల్ల బెల్లొక్కటే పలికింది, అదీ కొన్నాళ్లే.

ఉల్మ్ నుంచి రెగెన్స్‌బర్గ్ దాకా ఐదు దినాలు తొక్కాం. దారి తప్పినవి, ఊళ్లల్ల తిరిగినవి కలుపుకుంటే రెండు వందల యాభై కిలోమీటర్ల లోపు. అరవై నాలుగేండ్ల మోకాళ్లతో అంత దూరమా అని ఇంట్లోవాళ్లు భయపడ్డారు గాని, నదితోపాటు దిగువకు పోయే దారి. ఎత్తు తక్కువ.

ఉల్మ్‌లో 161 మీటర్ల చర్చి గోపురం ఉంది. మొన్న మొన్నటి దాకా ప్రపంచంలో అంత ఎత్తు చర్చి మరొకటి లేదు. 1377లో పునాది వేస్తే గోపురం పూర్తయింది 1890లో. మన ప్రాజెక్టులు నత్తనడక అని ఇక మీదట నేను నోరెత్తను. ఆ ఊరి దర్జీ ఒకతను 1811లో రెక్కలు కట్టుకొని, రాజు ఊరికి వచ్చిన సందర్భంలో నది మీదికి ఎగరబోయి నీళ్లల్ల పడ్డాడట. అతని కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

అసలు విషయానికొస్తాను. బయల్దేరేముందు నేననుకున్నది, అక్కడ నది వెంట రంగు వేసిన ప్రత్యేక రోడ్డు ఒకటి ఉంటుందని. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాకు వేశారు గదా, అట్లాంటిదేదో అనుకున్నాను. అట్లాంటిదేమీ లేదు. ఉన్నది ఏమంటే, ట్రాక్టర్లు పోయే డొంకబాట, వరద గట్టు మీద కంకర బాగా తొక్కించిన దారి, ఊళ్లోకి వస్తే ఊరి వీధి, కొంచెం దూరం అడివి. అన్నీ ముందునుంచీ ఉన్నవే. వాళ్లు కొత్తగా పెట్టింది గుర్తుల పలకలు. డాన్యూబ్ వెంట పోయే ఈ దారి అట్లాంటిక్ సముద్రం నుంచి నల్ల సముద్రం దాకా ఉన్న యూరోవెలో 6 అనే పెద్ద సైకిలు దారిలో ఒక ముక్క అని అల్లుడు చెప్పాడు. అంత పెద్ద పేరున్న దారి ఒకచోట ఒక రైతు పశువుల కొట్టానికీ పేడ దిబ్బకూ నడుమనుంచి పోయింది.

ఆ పలక ఎట్లుంటుందో చెప్పాలి. రెండో దినం మక్కచేను పక్కన బాట రెండుగా చీలింది. మోచేతి పొడవు తెల్లరేకు, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు. వచ్చే ఊరు పేరు, ఎన్ని కిలోమీటర్లు, ఒక సైకిలు బొమ్మ, బాణం. ఇనుప గొట్టానికి రెండు బోల్టులు. ఇంతే. మా సెక్షన్ ఆఫీసు స్టోరులో పడి ఉన్న పాత గొట్టాలతోనే ఇట్లాంటివి ఎన్నో చేయొచ్చు. కాని ఒక్క చీలిక దగ్గర కూడా అది లేకపోవడమన్నది లేదు. మేం ఒకసారి దారి తప్పింది మా తప్పే. నేను గోధుమ కోసే మిషను చూస్తూ, అల్లుడు ఫోను చూస్తూ పలక దాటేశాం. ఐదారు కిలోమీటర్లు పోయాక ఒక ముసలామె తోటలోంచి చెయ్యి ఊపి వెనక్కి చూపించింది. ఆమె మాట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, దారి తప్పిన మనిషిని తిట్టే తీరు ఎక్కడైనా ఒకటేనని తెలిసింది.

దారిలో నదికి అడ్డంగా కరెంటు తీసే చిన్న చిన్న ఆనకట్టలు చాలా ఉన్నాయి. కొన్నింటి మీదనుంచే సైకిలు దారి అవతలి ఒడ్డుకు దాటుతుంది. నేను ప్రతిచోటా ఆగి గేట్లు చూసేవాణ్ని, గ్రీజు పెట్టారా, రబ్బరు సీలు కారుతుందా అని. అల్లుడు పాపం నోరు మెదపలేదు, ఎండలో నిలబడి నీళ్లు తాగుతుండేవాడు. ఫైమింగెన్ అని చిన్న పల్లె, అక్కడ ఇండ్ల నడుమ రోమన్లనాటి అపోలో గ్రానుస్ అనే దేవుడి గుడి అవశేషాలు ఉన్నాయి. కొన్ని స్తంభాలు మళ్లీ నిలబెట్టారు. పక్కింటి ఆమె బట్టలు ఆరేసుకుంటున్నది. నాకు మా పానగల్లు పాత గుళ్లు గుర్తొచ్చాయి.

నాలుగో దినం వెల్టెన్‌బుర్గ్ అనే మఠం దగ్గర నది రెండు తెల్లటి కొండల నడుమనుంచి పోతుంది. అక్కడ ఒడ్డున దారి లేదు. మేం సైకిళ్లతో సహా పడవెక్కి కెల్‌హైం దాకా పోయాం. కొండ తొలిచి రోడ్డు వేద్దామని వాళ్లు పోలేదు, దారి లేనిచోట పడవను దారి చేసుకున్నారు. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసేచోట పుట్టిలో తిరిగినవాణ్ని గనుక నాకది వింతగా తోచలేదు. ఆ మఠంలో దాదాపు వెయ్యేండ్ల కిందనే బీరు కాయడం మొదలైందట. అల్లుడు ఒక గ్లాసు తీసుకున్నాడు, నేను పాలులేని చాయ్ తాగి మొహం చిట్లించుకున్నాను. అంతకుముందు దారి పక్కన హాప్స్ తోటలు కనిపించాయి. కాకర పందిరి లెక్కనే తీగ, కాని మన ఇంటి పందిరి కాదు, ఏడు మీటర్ల గుంజలు. బీరుకు చేదు అందులోంచే వస్తుందట.

కెల్‌హైం దాటినాక ఒడ్డున కిలోమీటరు బోర్డులు కనిపిస్తాయి. వాటి మీద అంకెలు 2,400 నుంచి కిందికి దిగుతుంటాయి. నాకు ముందు అర్థం కాలేదు. మన కాల్వకు హెడ్డు దగ్గర, అంటే నీళ్లు వదిలే మొదలు దగ్గర సున్నా, దిగువకు పోయేకొద్దీ పెరుగుతుంది. ఆ నదికి నల్ల సముద్రం దగ్గర సున్నా. సముద్రం ఇంకెంత దూరం అన్నది వాళ్ల లెక్క. ముప్పై ఏండ్లు చైనేజీ, అంటే కాల్వ మీది దూరాల లెక్క రాసిన మనిషికి ఈ సంగతి రాత్రి నిద్ర పట్టనియ్యలేదంటే నవ్వకండి.

రెగెన్స్‌బర్గ్‌లో 12వ శతాబ్దపు రాతి వంతెన ఉంది. ఇంచుమించు ఆ కాలంలోనే మా దిక్కు ఏలిన కందూరు చోడులు పానగల్లులో గుళ్లు కట్టించారు, ఉదయసముద్రం చెరువు తవ్వించారు. ఆ వంతెన మీద ఇప్పుడు కార్లు పోవు, నడిచేవాళ్లు, సైకిళ్లు పోతాయి. అక్కడినుంచి ఉల్మ్‌కు రైలులో వచ్చాం. సైకిలుకు వేరే టికెట్టు, బోగీ తలుపు మీద సైకిలు బొమ్మ, లోపల ఆనించి పెట్టే జాగా. ఇంటికొచ్చినాక ఇక్కడొక స్టేషన్‌లో నా సైకిలు బుక్ చేయబోతే గుమాస్తా తల ఎత్తకుండా "పెట్రోలు తీసేసినవా?" అని అడిగాడు. అలవాటు మాట, ఆయన్నేమీ అనను.

డిసెంబరులో ఒక పొద్దున నేను నా సైకిలు తీసుకొని ఎడమ కాల్వ కట్ట ఎక్కాను. లాల్ బహదూర్ కాల్వ అని దాని అసలు పేరు. 1967లో నీళ్లు వదిలారు. చలకుర్తి, హాలియా, నిడమనూరు, వేములపల్లి మీదుగా పోతుంది. కట్ట మీద ఇన్‌స్పెక్షన్ బాట మా కోసం వేసిందే. ఇప్పుడు సగం చోట్ల సర్కారు తుమ్మ రెండు పక్కలనుంచీ మూసుకొచ్చింది. ఒక యూటీ దగ్గర, అంటే కింద వాగు దాటే సొరంగం దగ్గర, వానకు కట్ట భుజం కోసుకుపోతే నాలుగు మట్టి బస్తాలు వేసి వదిలేశారు. ఇంకోచోట గేటుకు గొలుసు వేసి తాళం పెట్టారు. తాళం చెవి ఎవరి దగ్గరుందో అక్కడి లస్కరుకూ తెలియదు. గేటు పక్కనుంచి మాత్రం బర్రెలు హాయిగా పోతున్నాయి. నేనూ బర్రెల వెనకే సైకిలు ఎత్తుకొని దాటాను.

నా మనవి ఏమంటే, ఈ కట్ట బాటను సైకిలు దారి చేయండి. కొత్త సిమెంటు వద్దు, టైల్సు వద్దు, సెల్ఫీ పాయింటు అసలే వద్దు. తుమ్మ కొట్టించి, తెగినచోట మట్టి పోసి రోలర్ తొక్కిస్తే సగం పని అయినట్టే. తర్వాత ప్రతి చీలిక దగ్గర ఆ మోచేతి పొడవు రేకు తెలుగులో రాయించండి. సాగర్ కొసన బుద్ధవనం ఉంది, నీళ్లల్ల లాంచీ ఎక్కితే నాగార్జునకొండ మ్యూజియం. ఇటు వేములపల్లి దగ్గర కట్ట దిగితే నల్లగొండ రోడ్డు. నల్లగొండ పక్కనే పానగల్లు. ఛాయా సోమేశ్వరంలో గర్భగుడిలోకి పడే స్తంభపు నీడ పొద్దంతా అక్కడే నిలుస్తుంది, పచ్చల సోమేశ్వరంలో గోడల మీది శిల్పం చూడడానికే ఒక పూట చాలదు. కింద దామరచర్ల మీదుగా పోతే వాడపల్లి, కృష్ణా మూసీ సంగమం, రెండు పాత గుళ్లు. ఇవన్నీ చూడాలంటే ఇప్పుడు కారు కిరాయి మాట్లాడుకోవాలి, లేదా బస్సు దిగి ఆటోవాలాతో బేరమాడాలి. ఊళ్ల నడుమ దారి ఎట్లుందో ఎవరికీ తెలియదు.

అడ్డంకులు నాకు తెలియనివి కావు. మార్చి దాటితే ఇక్కడ పగలు సైకిలు తొక్కమంటే శిక్ష వేసినట్టే. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే మాట. కాల్వ నిండుగా పారే దినాల్లో అందులో పడితే కాల్వ లోపలి లైనింగు గోడ పాకుడుకు చెయ్యి నిలవదు, ఈతగాడైనా పైకి రాలేడు. నా సర్వీసులో ఎన్ని శవాలు పైకి తీయించామో చెప్పను. కాబట్టి బాట ఇరుకైనచోట నీళ్ల వైపు అడ్డుకంచె ఉండాలి, అక్కడక్కడ మెట్లు, పట్టుకోను గొలుసు ఉండాలి. వీటికి ఖర్చవుతుంది, ఇది మాత్రం తప్పించుకోవద్దు. కుక్కల సంగతి నేను పరిష్కరించలేను. వడ్లు ఆరబోసే నెలలో కట్ట రైతుదే, సైకిలువాడు దిగి నడవాలి. అక్కడ కూడా ట్రాక్టరొస్తే మేమే పక్కకు తప్పుకున్నాం.

ఇది పర్యాటక శాఖ పనా, నీటిపారుదల శాఖ పనా అని ఫైలు ఇటూ అటూ తిరుగుతుందని నాకు బాగా ఎరుక. నేనూ అట్లాంటి ఫైళ్లు మోసినవాణ్నే. అందుకే ఒక మాట రాస్తున్నాను. ఏ శాఖ నుంచి ఏ అధికారి వచ్చినా సరే, హాలియా నుంచి వేములపల్లి దాకా నేను ముందు సైకిలు మీద పోయి దారి చూపిస్తాను. ఏ తూము ఎన్నో కిలోమీటరులో ఉందో నాకు నోటికి వచ్చు. జీపులో వస్తామంటే మాత్రం నేను రాను. వచ్చేవాళ్లను ఒక గాలిపంపు, రెండు ప్యాచులు, జిగురు డబ్బా వెంట తెచ్చుకోమనండి. కట్ట మీద పంక్చరు దుకాణాలుండవు, తుమ్మ ముండ్లు మాత్రం దండిగా ఉన్నాయి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్, మిర్యాలగూడ