అలైన్‌మెంట్ తర్వాత సంగతి, ముందుగాల చక్రం ఊపి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మన వరంగల్, హన్మకొండ దిక్కు ఏపీ 36 నంబర్ కార్లు ఇంకా మస్తు తిరుగుతున్నయ్, అంటే 2014 జూన్‌ల తెలంగాణ వచ్చేటప్పటికే రోడ్డు మీద ఉన్న బండ్లు. మారుతి 800, ఆల్టో, పాత వాగనార్, శాంట్రో, ఇండికా, అన్నీ ఇప్పటికీ పెండ్లిళ్లకు పేరంటాలకు దవాఖానలకు ఇంటోళ్లందరినీ మోస్తనే ఉన్నయ్, ఇంజిన్ మంచిగున్నప్పుడు ఎందుకు అమ్ముడు అని ఎవ్వరూ అమ్మరు, అమ్మొద్దు కూడ. కానీ ఇంజిన్ ఆయిల్ టైముకు మార్పించే మనిషే స్టీరింగ్ లూజ్ అయినా, బండి గతుకుల మీద కటకట కొట్టుకున్నా "పాత బండి కదా గట్లనే ఉంటది" అని ఊకుంటడు. గట్ల ఊకోవద్దు అని చెప్పుడానికే ఈ ఉత్తరం.

ఊకోనోళ్లు కూడ చేసే పని ఏందంటే సీదా అలైన్‌మెంట్ షాపుకు పోవుడు. కంప్యూటర్‌ల ఎర్ర గీత పచ్చగ అయితది, పైసలు ఇచ్చి వస్తరు, వారం కాకముందే బండి మళ్ల ఎడమకు గుంజుతది. ఎందుకు గుంజదు? అలైన్‌మెంట్ చేసేటోళ్లు మామూలుగ మార్చేది స్టీరింగ్ నుంచి వచ్చి చక్రాన్ని తిప్పే కడ్డీ, అంటే టై రాడ్ పొడవు, దాంతోని రెండు ముందు చక్రాల మొహాలు లోపలికి బయటికి ఎంత తిరిగున్నయో సెట్ చేస్తరు. ఆ టై రాడ్ చివరల ఉన్న జాయింటే అరిగిపోయి ఊగుతుంటే, నిలబడ్డ బండి మీద మిషన్ చూపించిన కొలత రోడ్డెక్కినంక ఎట్ల నిలుస్తది. అరిగిన సామాను మార్చకుండ అలైన్‌మెంట్ కొట్టించుకున్న పైసలు దండగే, టైర్ లోపలి అంచు నున్నగ అయ్యి వైర్ తేలేది అదనం.

ప్లే, అంటే జాయింట్లు అరిగి వచ్చిన లూజ్, ఉందా లేదా అని ఇంటికాడనే చూసుకోవచ్చు. ముందుగాల టైర్లల గాలి చూడండి, ఒక పక్క గాలి తక్కువున్నా బండి గుంజుతది. తర్వాత చక్రాలు సీదా పెట్టి ఒకరు స్టీరింగ్‌ను మెల్లగ అటు ఇటు తిప్పాలె, పవర్ స్టీరింగ్ అయితే ఇంజిన్ చాలు చేసుకోవాలె, ఇంకొకరు బయట నిలబడి ముందు చక్రం చూడాలె, స్టీరింగ్ తిరిగింది కానీ చక్రం కదలలే అంటే ఆ మధ్యల ఉన్నదంత ప్లే. ఇగ గట్టి నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రం జాకీ మీద లేపండి, బండి కిందికి మాత్రం ఎవ్వరూ దూరొద్దు. గడియారంల 9, 3 ఉండే చోట చక్రం పట్టుకొని ఊపితే టక్‌టక్ అంటే టై రాడ్ ఎండ్ (చక్రం దిక్కు జాయింట్) గానీ ర్యాక్ ఎండ్ (ర్యాక్ అనే స్టీరింగ్ పెట్టె దిక్కు జాయింట్) గానీ పోయినట్టు. 12, 6 కాడ పట్టుకొని ఊపినా కదులుతుందంటే వీల్ బేరింగా, చక్రాన్ని కింది ఇనుప చెయ్యికి కలిపే బాల్ జాయింటా తెల్వదు, అప్పుడు లోపల ఒకరిని బ్రేక్ తొక్కమనండి, తొక్కంగనే ఊగుడు ఆగితే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్ మీదనే అనుమానం పెట్టుకోవాలె. బాల్ జాయింట్ అన్నిటికంటె భయం పెట్టేది, అది సాకెట్ల నుంచి ఊడితే చక్రం పక్కకు పడిపోతది, స్టీరింగ్ ఎంత తిప్పినా లాభం లేదు.

చప్పుడును బట్టి కూడ కొంత తెలుస్తది. చిన్న చిన్న గతుకుల మీద కటకట అంటే ఎక్కువ సార్లు బండి పక్కకు వాలకుండ ఆపే స్టెబిలైజర్ కడ్డీ లింక్ రాడ్‌లు, దాని రబ్బర్ బుష్షులే ఉంటయి. బండి నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితే పైన బానెట్ దిక్కు కిర్రుమంటే స్ట్రట్ మౌంట్, అంటే షాకర్‌ను (షాక్ అబ్జార్బర్) పైన బండికి బిగించే భాగం, చూపించండి. బ్రేక్ కొట్టినప్పుడు ముందు భాగం ఒక దిక్కు పోతుందంటే బ్రేకులతోని పాటు లోయర్ ఆర్మ్ (ఆ కింది ఇనుప చెయ్యి) బుష్షు రబ్బర్ పగిలిందేమో చూడాలె. షాకర్ మీద ఆయిల్ కారిన జిడ్డు ఉంటే దాని పని అయిపోయినట్టే, మార్చేటప్పుడు ఎడమ కుడి రెండూ కలిపి మార్పించండి, ఒకటి కొత్తది ఒకటి పాతది ఉంటే రెండు పక్కల బండి ఒక్క తీరుగ నిలబడదు. షాకర్ మార్చుడు తప్పించుకోవడానికి స్ప్రింగ్ చుట్ల మధ్యల రబ్బర్ బఫర్లు ఇరికిస్తరు, బండి లేచినట్టు కనిపిస్తది గంతే, అరిగిన షాకర్ అరిగినట్టే ఉంటది.

మెకానిక్ అన్నలకు కూడ ఒక మాట, మా ఆటోనగర్‌ల చెయ్యి తిరిగినోళ్లు ఎంతోమంది ఉన్నరు, వాళ్లకు నేను నేర్పుతున్న అనుకోవద్దు, కానీ తొందరల జరిగేవి జరుగుతనే ఉన్నయ్. లోయర్ ఆర్మ్ కొత్త బుష్షు వేసినప్పుడు బండి జాకీ మీద ఉండంగనే, చక్రం కిందికి వేలాడుతుండంగనే బోల్టు ఫుల్ టైట్ చేసేస్తరు, తర్వాత బండి కిందికి దించంగనే ఆ రబ్బర్ మెలిపడి అట్లనే ఉండిపోతది, కొన్ని నెలలకే చినిగిపోతది, అప్పుడు "డూప్లికేట్ సామాను" అని షాపోడిని తిడతరు. బండి బరువు చక్రాల మీద పడ్డంకనే ఆ బోల్టు ఆఖరి టైట్ చెయ్యాలె. ఇంకోటి, స్టీరింగ్ లూజ్ అనంగనే ర్యాక్ మీద ఉన్న అడ్జస్టింగ్ స్క్రూ తిప్పి బిగించుడు, దాంతోని ఆ రోజుకు స్టీరింగ్ టైట్ అనిపిస్తది కానీ ఎక్కువ బిగిస్తే మూల తిరిగినంక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, అది లూజ్ కన్నా ప్రమాదం. అరిగింది ర్యాక్ బుష్షు అయితే బుష్షే మార్చాలె. టై రాడ్ ఎండ్ నట్టుకు, అది ఊడకుండ ఆపే స్ప్లిట్ పిన్ ఉండే బండ్లల్ల పాత పిన్ వంచి మళ్ల పెట్టుడు కూడ వద్దు, ఎంత ధర ఉంటది ఒక పిన్. చిన్న కార్లకు రెండు టై రాడ్ ఎండ్లు కలిపినా ఒక్క కొత్త టైర్ కంటె తక్కువనే పడుతది.

రోడ్ల సంగతి కూడ రాయకుంటే సగమే చెప్పినట్టు. భూపాలపల్లి బొగ్గు లారీలు, గోదావరి ఇసుక లారీలు తిరిగిన రోడ్ల మీద వాన పడ్డంక గుంతల లోతు తెల్వదు, నల్లరేగడి నేలల మీద వేసిన పల్లె రోడ్లు ఎండకు పగిలి వానకు కుంగుతయి, ఊరికో స్పీడ్ బ్రేకర్ ఉంటది దానికి తెల్ల పెయింట్ ఉండదు. చిన్న కారు 60 మీద వచ్చి అట్లాంటి బ్రేకర్ ఎక్కితే ముంగటి సస్పెన్షన్‌కు పడే దెబ్బ మామూలుది కాదు. పంచాయతీలు, ఆర్ అండ్ బీ వాళ్లు కనీసం పెయింట్ వేపియ్యాలె. మేడారం జాతరకు ఇంటిల్లిపాదిని, పైన సామాను, బెల్లం కట్టుకొని పాత బండ్లల్లనే పోతరు మన జనం, ములుగు దాటినంక అడవిల బాల్ జాయింట్ ఊడితే పిల్లాపాపలతోని ఏం కావాలె.

ఇప్పుడు నేను అడిగేది రవాణా శాఖ వాళ్లను. సొంత కార్లకు 15 ఏండ్లు నిండినంక రిజిస్ట్రేషన్ మళ్ల చేయించుకోవాలె, అది 5 ఏండ్లకు ఇస్తరు. 1989 సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌ల 98వ రూల్ సాఫ్‌గ చెప్తది, స్టీరింగ్ వీల్ మీద ప్లే 30 డిగ్రీలు దాటొద్దు, బాల్ జాయింట్లకు రబ్బర్ క్యాపులు ఉండాలె, బోల్టులు పిన్నులు లాక్ అయి ఉండాలె అని. 30 డిగ్రీలే చాలా ఎక్కువ, నన్నడిగితే అంత ప్లే ఉన్న చిన్న కారును హైవే ఎక్కియ్యొద్దు. ఆ రూల్ ఉన్నప్పుడు తనిఖీకి వచ్చిన పాత బండిని లైట్లు, హారన్, ఛాసిస్ నంబర్ చూసి పంపకుండ, ముందు చక్రం లేపి రెండు తీర్ల ఊపి చూడాలె, చినిగిన రబ్బర్ బూట్ (క్యాపు) ఉంటే మార్పించుకొని రమ్మని రాసియ్యాలె. ఒక్కో బండికి పది నిమిషాలు కూడ పట్టదు. అట్లనే అలైన్‌మెంట్ షాపులల్ల ముందుగాల చక్రం ఊపి, ప్లే ఉంటే బండి ఓనర్ చెయ్యి పెట్టిచ్చి చూపించి, "ఇది మార్చినంక రండి" అని వాపస్ పంపాలె, పైసలు తీసుకోవద్దు.

ఇట్లు,
పాత వాగనార్ నడిపే మీ పాఠకుడు,
హన్మకొండ