ముందు పేరు ఎవరిది?

ప్రియమైన రఘూ,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయకుండా ఇంతకాలం ఊరుకున్నందుకు నువ్వు ఎన్ని తిట్టినా పడతాను, కాని తిట్లు మాత్రం ఈ ఉత్తరం చివరిదాకా చదివిన తరువాతే మొదలుపెట్టు. సామాను క్షేమంగా చేరింది, శారద కొత్త ఉద్యోగంలో కుదురుకుంది, నా బదిలీ ఖాయమైంది, ఇద్దరమూ ఆరోగ్యంగానే ఉన్నాము. క్షేమ సమాచారం ఇంతటితో సమాప్తం. నిన్న బ్యాంకులో జరిగినది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

ఇంటి సంగతి ఒక్క ముక్క చెప్పి అసలు కథలోకి వస్తాను. ఇల్లు దొరకడం నువ్వు భయపడినంత కష్టం కాలేదు. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఉంటామంటే ఇంటివాళ్ళు తమంతట తామే ఏదో ఒక చుట్టరికం ఊహించుకుని తృప్తిపడతారు. మాకు అక్కచెల్లెళ్ళ వరస దక్కింది. మేము అవుననీ అనలేదు, కాదనీ అనలేదు, అచ్చం నువ్వు పెళ్ళిచూపులలో కూర్చున్నట్టు కూర్చున్నాము. (గొడుగు సంగతి ఎత్తనని మాట ఇచ్చాను కనుక ఎత్తడం లేదు.) అయితే అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లూ ఉండి తీరాలని పట్టుబట్టాను. ఒక్కరి పేరే ఉంటే, ఆ ఒక్కరికి ఏదైనా జరిగిననాడు రెండో మనిషికి ఆ గడప లోపల ఏ హక్కు ఉందని అడిగేవాళ్ళు తప్పక బయలుదేరతారు. 11 నెలల ఒప్పందమే కనుక ఆ పని సంతకాలతో తేలిపోయింది.

ఇక ఉమ్మడి ఖాతా. మొదట వెళ్ళిన బ్యాంకులో ఒక కుర్రవాడు, భార్యాభర్తలకో రక్తసంబంధీకులకో తప్ప ఉమ్మడి ఖాతా ఇవ్వడం కుదరదని, మా ముఖాలైనా చూడకుండా తేల్చేశాడు. అలాంటి నియమమేదీ లేదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు మాలాంటివాళ్ళ పెళ్ళికి గుర్తింపు ఇవ్వలేనని చెప్పిన రాత్రి, నువ్వు ఫోను చేసి, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు అలాగే ఉండిపోయావు చూడు, ఆ కేసులోనే కేంద్ర ప్రభుత్వం ఒక కమిటీ వేస్తానని హామీ ఇచ్చింది. ఆ కమిటీ ఏర్పడిన తరువాత, 2024 ఆగస్టు 28న, ఎల్జీబీటీక్యూ వ్యక్తులు ఉమ్మడి ఖాతా తెరవడానికి గాని, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి గాని ఏ ఆంక్షలూ లేవని ఆర్థిక మంత్రిత్వ శాఖ స్పష్టం చేసింది. రిజర్వు బ్యాంకు కూడా బ్యాంకులకు ఈ మాటే తెలియజేసింది. పెళ్ళి పుస్తకం ఇవ్వలేదు గాని పాసుపుస్తకం ఇచ్చారని శారద అంటూ ఉంటుంది.

నిన్న ఆ ప్రకటన ప్రతిని ఫైలులో పెట్టుకుని మరో బ్యాంకుకు యుద్ధానికి వెళ్ళినట్టు వెళ్ళాము. శారద దారి పొడవునా వాదన వల్లె వేసింది. కిటికీ అవతల పదవీ విరమణకు దగ్గరపడిన ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. దరఖాస్తు చూసి, "ఇద్దరూ ఏమవుతారమ్మా?" అని అడిగారు. భాగస్వాములమని శారద చెప్పింది. "వ్యాపారంలోనా?" అన్నారు ఆవిడ. "కాదండీ, సంసారంలో," అన్నాను నేను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని మా ఇద్దరినీ ఒకసారి చూసి, కలం తీసి, "సరే, ముందు పేరు ఎవరిది?" అన్నారు.

రఘూ, ఎవరు ఏ ప్రశ్న వేసినా జవాబు సిద్ధంగా పెట్టుకున్నాము, ఈ ఒక్క ప్రశ్నకు తప్ప! నీదే ముందు ఉండాలంటే నీదేనని ఇద్దరమూ మొదట మర్యాదలు పోయాము. వడ్డీ సాధారణంగా మొదటి పేరుగల మనిషి పాన్ కింద లెక్కకు వస్తుందని ఆవిడ చెప్పేసరికి, నా జీతం తక్కువ కనుక నా పేరే ముందు ఉండాలని శారద లెక్క తీసింది. నా జీతం సంగతి నలుగురిలో ఎందుకు ఎత్తావని నాకు రోషం వచ్చింది. అక్కడి నుంచి, సామాను సర్దిన రోజున ఎవరు ఎవరి పుస్తకాలను అడుగున పడేశారన్న విషయం దాకా వెళ్ళాము. వెనుక వరుసలో ఉన్నవాళ్ళు చోద్యం చూస్తున్నారు. ఆవిడ కలం కింద పెట్టి, "ఈ కిటికీ దగ్గరకు వచ్చిన మొగుడూపెళ్ళాలందరిదీ ఇదే గొడవ. మీలో పెద్దవారెవరో చెప్పండి, రాసేస్తాను," అన్నారు. శారద నాలుగు నెలలు పెద్దది! నువ్వు ఆమెకు పెట్టిన పేరు నాకు వెంటనే గుర్తుకు వచ్చి, నవ్వు ఆపుకోలేక ఆ ఫైలునే ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. లోపలి కాగితం బయటకు తీసే అవసరమే రాలేదు.

ఇద్దరిలో ఎవరైనా, లేదా బ్రతికి ఉన్నవారు డబ్బు తీసుకోవచ్చన్న పద్ధతిలో ఖాతా తెరిచాము. సంతకం చేస్తున్నప్పుడు మాత్రం చెయ్యి కొంచెం ఆగింది. భాగస్వామి చనిపోతే, దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భౌతికకాయాన్ని రెండో భాగస్వామికి అప్పగించేలా చూడమని ఆరోగ్య శాఖ కూడా 2024 ఆగస్టులోనే రాష్ట్రాలకు రాసింది. బంధువులు అందుబాటులో ఉండి, కాదంటే? మా అన్నయ్య అలాంటివాడని నేను అనడం లేదు, కాని వదిన... పోనీలే, ఆ సంగతి కాగితం మీద వద్దు.

నీతో పని ఉన్నది ఇక్కడే. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, వారసుల హక్కు దానితో పోదు. అందువల్ల ఇద్దరమూ వీలునామాలు రాయదలచాము. మామూలు కాగితం చాలు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, కాని ఇద్దరు సాక్షులు ఉండాలి. ఒక సాక్షిగా నిన్ను తప్ప మరెవరినీ అడగాలని లేదు. మా సంతకాలను కళ్ళారా చూసి నువ్వు సంతకం చేస్తేనే ఏ చిక్కూ ఉండదు కనుక, వచ్చే నెలలో ఏదో ఒక ఆదివారం ఇక్కడికి రావాలి. రెండో సాక్షిగా శారద ఎవరిని అనుకుంటోందో చెబితే నువ్వు కుర్చీలో నుంచి పడిపోతావు, అతను మన మూడో బెంచీ... శారద బయలుదేరుతోంది, ఈ ఉత్తరం ఇప్పుడు ఇవ్వకపోతే ఇవాళ్టి తపాలాకు అందదట. రైలు టిక్కెట్టు తీసుకోగానే రాయి.

నీ
మాధవి