ఆ జాబితాలో లాస్లో పాప్ పేరేది సార్?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ స్పోర్ట్స్ పేజీలో బాక్సింగ్ దిగ్గజాల గురించి ఎప్పుడు రాసినా అలీ, ఫ్రేజియర్, టైసన్, మేవెదర్ పేర్లే తిరుగుతుంటాయి. వాళ్లు గొప్పవాళ్లు కాదని ఎవరంటారు? కానీ హంగేరీ బాక్సర్ లాస్లో పాప్ ఊసే లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

1926లో బుడాపెస్ట్‌లో పుట్టిన ఈ ఎడమచేతి వాటం బాక్సర్ 1948 లండన్, 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్, ఇలా వరసగా మూడు ఒలింపిక్స్‌లో స్వర్ణాలు కొట్టాడు. బాక్సింగ్‌లో అంతకుముందు ఆ పని ఎవరూ చేయలేదు. ఆ తర్వాత చేసినవాళ్లు క్యూబా హెవీవెయిట్లు తియోఫిలో స్టీవెన్సన్, ఫెలిక్స్ సావోన్. వాళ్లిద్దరూ ప్రొఫెషనల్ బాక్సింగ్ వైపు వెళ్లనే లేదు. పాప్ వెళ్లాడు, అదీ 31 ఏళ్ల వయసులో, చాలామంది గ్లోవ్స్ పక్కన పెట్టేద్దామా అని ఆలోచించే వయసులో.

మెల్‌బోర్న్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1956 నవంబరు మొదట్లో బుడాపెస్ట్‌లోకి సోవియట్ ట్యాంకులు దిగాయి, అదే నెలలో ఒలింపిక్స్ మొదలయ్యాయి, ఇంటి దగ్గర ఏం జరుగుతోందో తెలియని టెన్షన్‌లోనే హంగేరీ క్రీడాకారులు బరిలోకి దిగారు. ఫైనల్లో 30 ఏళ్ల పాప్‌కి ఎదురుగా నిలబడింది 20 ఏళ్ల హోసే టోరెస్, అమెరికా తరఫున ఆడిన ప్యూర్టో రికో కుర్రాడు, 1965లో లైట్ హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్ అయినవాడు. పాప్ అతన్ని పాయింట్ల మీద ఓడించాడు. ఆ జట్టులో చాలామంది ఒలింపిక్స్ అయ్యాక హంగేరీకి తిరిగి వెళ్లలేదు, పాప్ మాత్రం వెళ్లాడు.

కమ్యూనిస్టు హంగేరీలో ప్రొఫెషనల్ బాక్సింగ్ లేదు. ప్రభుత్వం దగ్గర ప్రత్యేక అనుమతి తీసుకుని, వియన్నాకి వెళ్లి సాధన చేస్తూ, 1957 నుంచి 29 పోటీలు ఆడాడు. 27 గెలిచాడు, 2 డ్రా. ఓటమి సున్నా! 1962లో డెన్మార్క్ బాక్సర్ క్రిస్ క్రిస్టెన్సన్‌ని ఓడించి యూరప్ మిడిల్‌వెయిట్ టైటిల్ సాధించాడు. అదే ఏడాది రాల్ఫ్ ‘టైగర్’ జోన్స్‌ని కూడా ఓడించాడు, 1955లో అమెరికా బాక్సింగ్ దిగ్గజం షుగర్ రే రాబిన్సన్‌ని ఓడించిన జోన్స్ ఇతనే.

ప్రపంచ టైటిల్ లేదు కదా అని కొందరు తేలిగ్గా తీసిపారేస్తారు. అసలు ఆ పోటీ ఆడనిస్తే కదా! అప్పటి ప్రపంచ మిడిల్‌వెయిట్ చాంపియన్ జోయి జియార్డెల్లోతో టైటిల్ పోరు దాకా వచ్చాక, డబ్బు కోసం పోరాడటం సోషలిస్టు సూత్రాలకు విరుద్ధమంటూ 1965లో హంగేరీ ప్రభుత్వం అనుమతి ఆపేసింది. రింగ్‌లో ఎవరూ ఓడించలేని మనిషి కెరీర్ అలా ఆఫీసు కాగితాల దగ్గర ఆగిపోయింది. నా దృష్టిలో ఇది అన్యాయం, ఆయన లోపం కానేకాదు.

తర్వాత 1971 నుంచి రెండు దశాబ్దాలు హంగేరీ జట్టుకు కోచ్‌గా ఉన్నాడు. 2001లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది, 2003లో చనిపోయాడు. బుడాపెస్ట్‌లోని పెద్ద స్పోర్ట్స్ అరీనాకి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

మళ్లీ ఒలింపిక్స్ వచ్చినప్పుడు మీరు ప్రత్యేక పేజీలు వేస్తారు కదా, అందులో పాప్ మీద ఒక్క అరపేజీ అయినా ఇవ్వండి, ఆ ఆగిపోయిన టైటిల్ పోరు సంగతి కూడా వదలకుండా రాయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు