మంత్రి గారూ, తనిఖీ రాత్రి చేయించండి

గౌరవనీయులైన వయోవృద్ధుల సంక్షేమ శాఖ మంత్రి గారికి,

విజయవాడ నుంచి నమస్కారాలు.

డబ్బు తీసుకుని నడిపే ఓల్డేజ్ హోమ్‌ల బోర్డుల మీద ‘24 గంటల నర్సింగ్ కేర్’ అని కనిపిస్తూ ఉంటుంది. మేము రాసేది అందులో పది గంటల గురించే: రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకా. తనిఖీ అంటే పగటి పూట వంటగది, రిజిస్టరు చూసి వెళ్లడంగా మారింది. మంచాన పడ్డవాళ్లకు అసలు గండం రాత్రే.

లెక్క వేయండి. కదల్లేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పడం, డైపర్ చూడటం, దుప్పటి ముడతలు తీయడం, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు పెట్టడం, అన్నీ కలిపి ఇద్దరు చేస్తే పది నిమిషాలు. అలాంటివాళ్లు పదిమంది ఉంటే వంద నిమిషాలు. ఇద్దరున్నా రెండు గంటల్లో మిగిలేది ఇరవై నిమిషాలే. ఒక్క ఆయా ఉంటే? డెబ్బై కిలోల మనిషిని ఆమె ఎత్తలేదు, లాగుతుంది. నడుము కింద చర్మం దుప్పటికి రాసుకుంటుంది. ముందు ఒక మచ్చ వస్తుంది, వేలితో నొక్కినా రంగు మారదు. చామనఛాయ ఒంటి మీద అది కంటికి ఆనదు, చేత్తో తడిమి చూడాలి. అప్పుడే ఒత్తిడి తప్పిస్తే మానిపోయేది, పట్టించుకోకపోతే పుండై లోతుకి దిగుతుంది.

పుండ్లు పడకుండా పంపుతో గాలి నింపే పరుపు, ఎయిర్‌బెడ్ ఉందిగా అంటారు. కరెంటు పోతే దాని పంపు ఆగుతుంది, గాలి దిగిపోతే మనిషి మంచం చెక్కకి తగులుతాడు. ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకీ లైట్లకీ ఇచ్చి పంపుని వదిలేస్తారు. ఒక ప్లగ్ పాయింటు ఖర్చు అది!

నీళ్ల సంగతి ఇంకా ఘోరం. మే నెల బెజవాడ ఎండ మీకు చెప్పక్కర్లేదు. వయసు మళ్లాక దాహం సరిగ్గా తెలియదు. పైగా “మాటిమాటికీ లేపుతారేంటి” అని ఒక్కసారి విసుక్కుంటే చాలు, పెద్దావిడ మర్నాడు సాయంత్రం నుంచే గ్లాసు ముట్టదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఉన్నట్టుండి మాట తడబడుతుంది, మనుషుల్ని పోల్చుకోలేదు. దానికి మతిమరుపని పేరు పెట్టి నిద్రమాత్ర వేస్తారు. ఆ మత్తులో లేచి పడితే తుంటి విరుగుతుంది. ఆయాలను తప్పుపట్టి లాభం లేదు, పగలు చేసినవాళ్లనే రాత్రికీ ఉంచేస్తే విసుగు రాక ఏమొస్తుంది?

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద పిల్లలు చూడకపోతే ఆర్డీవో ట్రైబ్యునల్‌కి వెళ్లవచ్చు. హోమ్ సరిగ్గా చూడకపోతే ఆ ట్రైబ్యునల్‌లో దారి లేదు. ప్రైవేటు హోమ్‌ల రిజిస్ట్రేషన్ ప్రతిపాదించిన 2019 సవరణ బిల్లు చట్టం కాలేదు. అయితే 2007 చట్టంలోని 19వ సెక్షన్ వృద్ధాశ్రమాల నిర్వహణకు, సేవల ప్రమాణాలకు పథకం రూపొందించే అధికారం రాష్ట్రానికి ఇచ్చింది. ఢిల్లీ వైపు చూడకుండానే మొదలుపెట్టవచ్చు.

ఆ పథకంలో ముందు రాత్రి డ్యూటీ రాయండి: మంచాన ఉన్న ప్రతి పదిమందికీ మెలకువగా ఇద్దరు. ఫీజు పెరుగుతుందని యజమానులు అంటారు. నిజమే, పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో రేటు కార్డులో రాసి చేర్చుకునే ముందే చూపించమనండి. మనిషిని తిప్పిన టైము మంచం దగ్గరి చార్టులో అప్పటికప్పుడే పడాలి. రాత్రంతటి సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే వాలులో ఉంటే అవి పొద్దున టీ తాగుతూ పెట్టినవే. డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్ర వేయకూడదు. పెన్షన్ డబ్బు, ఏటీఎం కార్డు ఆ పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. వయోవృద్ధుల సహాయ ఫోన్ ఎల్డర్‌లైన్ 14567 నంబరు పడుకున్నవాళ్లకి కనిపించేలా గోడ మీద రాయించండి. హోమ్‌పై వచ్చిన ఫిర్యాదుని ఏ అధికారి, ఎన్ని రోజుల్లో తేల్చాలో కూడా తేల్చండి.

ఇంకొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్ నగర్‌ని ముంచింది. కింది అంతస్తులో మంచాన ఉన్నవాళ్లను ఎవరు, దేనిమీద, ఎక్కడికి మోస్తారో ప్రతి హోమ్ ముందే రాసి ఇవ్వాలి.

మొదటి తనిఖీ విజయవాడలోనే పెట్టండి. ముందు చెప్పకుండా, రాత్రి రెండింటికి, ఒక నర్సుని వెంట పంపి. ఆ పెద్దవాళ్లని అడిగి, వాళ్లు సరేనంటే దుప్పటి తీసి టార్చి వేసి మడమలు చూడమనండి.

ఇట్లు,
వృద్ధుల సంరక్షణలో పనిచేస్తున్నవాళ్లం,
విజయవాడ