ఇటుకల పండుగ ప్యాకేజీపై ఫిర్యాదు, సొమ్ము వాపసు కోరుతూ

మేనేజర్ గారికి,
వినియోగదారుల సేవా విభాగం.

విషయం: అరకు – ఇటుకల పండుగ (మన్యం గిరిజనుల విత్తనాల పండుగ) ప్యాకేజీలో (రెండు రాత్రులు, మూడు పగళ్లు) లోపాలు.

అయ్యా,

ఏప్రిల్‌లో మీరు నడిపిన ఈ ప్యాకేజీలో విశాఖ నుంచి వచ్చిన మా బృందం తరఫున రాస్తున్నాం. గదులు శుభ్రంగా ఉన్నాయి, భోజనం బాగుంది. వాటి మీద మాకు పేచీ లేదు. కార్యక్రమం వేసినవాళ్లకు మన్యం దారులూ తెలియవు, పండుగా తెలియదు. మా ఫిర్యాదు దాని మీదే.

మొదటిది రైలు. కిరండూల్ ప్యాసింజర్‌లో అద్దాల విస్టాడోమ్ బోగీ అని కరపత్రంలో వేశారు, ఆ ఛార్జీ కలిపే వసూలు చేశారు. తీరా ముందురోజు రాత్రి స్లీపర్ టికెట్లు పంపారు. విస్టాడోమ్ సీట్లు తక్కువ, త్వరగా అయిపోతాయి. చేతిలో టికెట్ లేకుండా దాన్ని ప్యాకేజీలో అమ్మడం తప్పు.

రెండోది బొర్రా గుహల దారి. అదే రైలు బొడ్డవర దాటి ఘాట్ ఎక్కాక శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, ఆ తర్వాత బొర్రా గుహలు స్టేషన్ వస్తాయి. అరకు ఇంకా ముందుంది. గుహలు చూడాల్సినవాళ్లు అక్కడే దిగాలి. సామానుతో వ్యాన్ అక్కడికే రావాలి. మీరు మమ్మల్ని అరకు దాకా తీసుకెళ్లి, భోజనాలయ్యాక సుంకరమెట్ట, అనంతగిరి మీదుగా మళ్లీ బొర్రాకు వెనక్కి తీసుకొచ్చారు. పోనూ రానూ డెబ్బై కిలోమీటర్లకు పైగా ఘాట్ రోడ్డు. సగంమంది వాంతులతో దిగారు. గుహలు సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు కాబట్టి లోపల మెట్లన్నీ దిగి శివలింగం దాకా వెళ్లే వ్యవధి పెద్దవాళ్లకు దొరకలేదు. కార్యక్రమంలో ఉన్న కటికి జలపాతం ఊసే లేకుండా పోయింది. ఎండాకాలంలో అక్కడ నీళ్లు ఎలాగూ సన్నగిల్లుతాయి. ఏప్రిల్ ప్యాకేజీలో దాన్ని పెట్టకుండా ఉండాల్సింది.

అసలు విషయం పండుగ. ఇటుకల పండుగ చైత్రమాసంలో వస్తుంది గానీ అన్ని ఊళ్లకూ ఒకే తేదీ ఉండదు. ఏ ఊరికి ఆ ఊరి పెద్దలు రోజులు నిర్ణయించుకుంటారు. వరి, చోడి, సామ లాంటి విత్తనాలకు పూజ చేసి పంచుకుంటారు, మగవాళ్లు వేటకు వెళ్తారు, ఆడవాళ్లు దారుల్లో వాహనాలు ఆపి పజోరు (పండుగ కానుకగా ఇచ్చే డబ్బు) అడుగుతారు. ఇదంతా వాళ్ల సాగు మొదలుకు ముందు జరిగే ఆరాధన. మీ కరపత్రంలో మాత్రం "పండుగ వేడుక, సాయంత్రం 6 నుంచి 7" అని అచ్చయింది. తీరా చూపించింది రిసార్టు పచ్చికలో మంట చుట్టూ థింసా నృత్యం. ఆ ఆడవాళ్లు ఎంతో బాగా ఆడారు, వాళ్లను ఒక్క మాట అనం. కానీ వాళ్ల సొంత ఊళ్లో ఆ రోజే పండుగ నడుస్తోందని వాళ్లే చెప్పారు. వాళ్లను అక్కడి నుంచి పిలిపించి, మా బస్సు ఆలస్యమైందని రాత్రి తొమ్మిది దాకా కూర్చోబెట్టారు. ఇది మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది.

పజోరు దగ్గరా అంతే. రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి పాట పాడుతున్న ఆడవాళ్ల మీద డ్రైవర్ హారన్ మోగించాడు. మీ గైడ్ కిటికీలోంచి "రోడ్డు టాక్స్ కట్టాం" అని తగువుకు దిగాడు. ఆ నెలలో అటు వెళ్లే ఏ బండైనా పది, ఇరవై నోట్ల కట్ట ఒకటి దగ్గర పెట్టుకుని, దిగి పలకరించి ఇవ్వాలి. ఒక్కో ప్రయాణానికి అరగంట, గంట అదనంగా లెక్క వేసుకోవాలి. మీ కార్యక్రమంలో దానికి పది నిమిషాలు కూడా లేవు.

మూడో రోజు "వంజంగి మేఘసముద్రంలో సూర్యోదయం" అన్నారు. అరకు నుంచి తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరదీశారు. ఏప్రిల్‌లో ఇక్కడ ఆరు లోపే పొద్దు పొడుస్తుంది. అరకు నుంచి పాడేరే నలభై కిలోమీటర్లకు పైన. అక్కడి నుంచి వంజంగి కొండ కిందికి వెళ్లి, చివరన రాళ్ల దారిలో నడిచి ఎక్కాలి. ముందురాత్రి పాడేరులో బస ఉంటే తప్ప కుదరని పని. పైగా మబ్బులు కిందికి దిగి సముద్రంలా పరుచుకునేది ఎక్కువగా శీతాకాలంలో, నవంబరు నుంచి జనవరి దాకా. మేం చేరేసరికి ఎండ ముదిరింది.

కోరుతున్నవి ఇవి: విస్టాడోమ్‌కూ స్లీపర్‌కూ ఉన్న ఛార్జీ తేడా, కరపత్రంలో విడిగా చూపిన "పండుగ ప్రవేశం" రుసుము మొత్తం, వంజంగి రోజు ఖర్చు వాపసు ఇవ్వాలి. నృత్య బృందానికి ఆ రాత్రి ఆలస్యానికి అదనపు పారితోషికం ముట్టిందో లేదో రాతపూర్వకంగా తెలపాలి. వచ్చే చైత్రానికి ఈ ప్యాకేజీ అమ్మేముందు ఊరి పెద్దల అనుమతి తీసుకోవాలి, ఆ ఊరి యువకులనే గైడ్లుగా పెట్టాలి.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాం. రసీదులు, కరపత్రం, టికెట్ల నకళ్లు జతచేశాం.

ఇట్లు,
ప్యాకేజీ యాత్రికుల బృందం,
విశాఖపట్నం.