మా నాన్నని కనిపెట్టుకున్న వాళ్ళందరికీ

నాన్న క్షేమంగా తెనాలి చేరారు. ఫోన్ చేసినప్పుడల్లా "వాళ్ళకి రాశావట్రా?" అని ఒకటే పోరు. ఇదిగో నాన్నా, రాస్తున్నా.

మేముండేది హెల్సింకి పక్కన ఎస్పోలో. 2025 జూలై మొదటి వారంలో ఓడెక్కితే రెండు గంటల్లో ఎస్టోనియా, టాలిన్. 1869లో టార్టులో మొదలైన పాటల పండగ, సుమారు ఐదేళ్ళకోసారి వస్తుంది. పాడేవాళ్ళంతా ఊరి మధ్య నుంచి మైదానం దాకా ఊరేగింపుగా నడుస్తారు, దాదాపు 5 కిలోమీటర్లు. మనమూ నడుద్దాం అన్నారు నాన్న. పొద్దున్నించీ ఏమీ తినలేదని మాత్రం చెప్పలేదు. గేటు దగ్గర కళ్ళు తిరిగి కూలబడ్డారు.

నిలువు చారల పావడా కట్టుకున్న ఒకావిడ తన బృందాన్ని వదిలేసి వచ్చి, నాన్న భుజాల మీద తన ఉన్ని శాలువా కప్పి, ప్రథమ చికిత్స గుడారం దాకా నడిపించింది. షుగర్ పడిపోయిందన్నారు. అక్కడే చదువుకుంటున్న మన తెలుగబ్బాయి పరిగెత్తి జ్యూసూ అరటిపళ్ళూ తెచ్చాడు, రాత్రి రేవు దాకా వచ్చి ఓడెక్కించాడు. పేరు రాయొద్దన్నావుగా తమ్ముడూ, రాయట్లేదు. ఈసారి ఎస్పో వస్తే గోంగూర పచ్చడి మాత్రం తప్పించుకోలేవు.

ఆ సాయంత్రం ఎస్టోనియా స్వరకర్త, బృందగాన నిర్దేశకుడు ఎర్నెసాక్స్ కంచు విగ్రహం దగ్గర గట్టు మీద కూర్చుని, కమాను వేదిక మీద వేలమంది పాడుతుంటే నాన్న అన్నది ఒకటే మాట: "ఇంతమందిలో ఒక్కడైనా శ్రుతి తప్పడేంట్రా!"

తర్వాత కొద్ది రోజులకి ఫిన్లాండ్‌లోనే కౌస్టినెన్. చిన్న ఊరు, 1968 నుంచి జానపద సంగీత ఉత్సవం జరుగుతోంది. అక్కడి ఫిడేలు వాయిద్యానికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఫిడేళ్ళ పక్కన కాలితో తొక్కే హార్మోనియం కనబడేసరికి నాన్న కదిల్తే ఒట్టు. ముప్పై ఏళ్ళు పద్యనాటకాలకి పెట్టె వాయించిన మనిషి మరి. కచేరీ అయ్యాక వాయించేవాళ్ళు పిలిచి కూర్చోబెట్టారు. గాలి కొట్టే అలవాటున్న ఎడం చేతికి పనిలేక అది కాసేపు పెట్టె వెనక తడుముకుంది. తర్వాత మోహనలో ఒక పద్యం ఎత్తుకున్నారు. ఫిడేలు పెద్దాయన రెండో పాదానికే అందుకున్నాడు. "వన్స్ మోర్" అన్నది నేనే, సిగ్గుపడను.

ఈలోగా కొక్కొలా వెళ్ళే ఆఖరి బస్సు పోయింది. ఆ పెద్దాయనే తన వ్యాన్లో, నాన్నకీ నాకూ మధ్య పెద్ద బేస్ ఫిడేలు పడుకోబెట్టి, దాదాపు 50 కిలోమీటర్లు తీసుకెళ్ళి రైలు దగ్గర దింపాడు. రాత్రి పదైనా ఎండ పోలేదు. పెట్రోలు డబ్బులిస్తే తీసుకోలేదు. కీటోస్ (ఫిన్నిష్‌లో థాంక్స్), పెద్దాయనా.

ఆ శాలువా మా దగ్గరే ఉండిపోయింది. ఎర్ర అంచు, ఒక మూల చిన్న రఫ్ఫు ఉంది. ఉతికి మడతపెట్టి ఉంచాం. టాలిన్‌లో ఉన్న మనవాళ్ళు గాయక బృందాల్లో ఎవరినైనా ఎరిగుంటే కాస్త అడిగి చూడండి. వచ్చి నేనే ఇస్తాను.