వాగ్దాన కార్డు సంగతి

చిట్టీ,

"జనవరి ఒకటిన గుడిలో తీసిన వాగ్దాన కార్డు మీద నాకొచ్చిన వచనం యిర్మీయా 29:11, మీకు మేలే తప్ప హాని తలపెట్టలేదన్న దేవుడి మాట కదమ్మా, మరి కడుపులో ఆరో నెల్లోనే బాబు ఎందుకు పోయాడు" అని నిన్న అడిగావు. ఫోన్లో చెప్పే సంగతి కాదు, నేనైతే మధ్యలో ఏడ్చేస్తాను కూడా, అందుకే రాస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, ఒకేసారి చదవాలనేం లేదు.

ముందు మీ సంఘంలో ఒక ఆంటీ నీతో అన్న మాట తీసి పక్కన పెడదాం. "దేవుడి తోటలోకి పువ్వు కావాల్సి వచ్చింది, తెంపుకున్నాడు" అందట కదా. ఆవిడ చెడ్డది కాదు, ఏం మాట్లాడాలో తెలియక అందరూ అనే మాటే అంది. కానీ తన తోట అందం కోసం తల్లి కడుపులోంచి బిడ్డను తెంపుకునే దేవుణ్ణి నేను బైబిల్లో ఎక్కడా చూడలేదు. చనిపోయిన లాజరు సమాధి దగ్గర యేసుకి తెలుసు, ఇంకాసేపట్లో తానే వాణ్ణి లేపబోతున్నాడని. అయినా లాజరు తోబుట్టువు మరియ ఏడుస్తుంటే "ఊరుకో, ఇదంతా నా ప్లానే" అనలేదు, ఆమెతో పాటు తనూ ఏడ్చాడు. "యేసు కన్నీళ్లు విడిచెను". సండే స్కూల్లో కంఠత వాక్యం చెప్పమంటే నువ్వు ఎప్పుడూ ఎగబడి చెప్పేది అదే, చిన్నది కాబట్టి!

ఇంకోటి, "ఏ పాపానికో" అని ఎవరైనా గొణిగితే అస్సలు తలకెక్కించుకోకు. స్కూటీ మీద ఆఫీసుకెళ్ళావనీ, ఉపవాస ప్రార్థన మానేశావనీ నువ్వే లెక్కలు తీస్తున్నావని అల్లుడు గారు చెప్పారు. నువ్వు చేసినదానివల్ల కాదని డాక్టరమ్మ చెప్పింది కదా, ఆ మాట నమ్ము. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులూ ఇలాగే ఎవరు చేసిన పాపం అని అడిగారు, వీడూ కాదు, వీణ్ణి కన్నవాళ్ళూ కాదు అని యేసే చెప్పాడు.

ఇక ఆ వాగ్దానం. యిర్మీయా 29వ అధ్యాయం అసలు యిర్మీయా ప్రవక్త రాసిన ఒక ఉత్తరం, అది గుర్తుందా? యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్ళకి రాసింది. ఇల్లూ ఊరూ గుడీ అన్నీ పోగొట్టుకున్న జనం. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అని ఒకడు లేచి, రెండేళ్ళలో అందరూ తిరిగొచ్చేస్తారు అని దేవుడి పేరున ప్రకటించాడు. జనానికి వినబుద్ధయ్యేది అదే కదా, మనకీ అంతే, ఈ రోజుల్లో టీవీ పెడితే హనన్యాలకి కొదవేం లేదు. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్ళు అని రాశాడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న ఆ పరాయి ఊరి క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అన్నాడు. అదంతా అయ్యాకే వస్తుంది నీ కార్డు మీది వచనం, "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా". డెబ్బై ఏళ్ళంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది బబులోనులోనే కన్నుమూసి ఉంటారు. మరి వాళ్ళకి ఆ మాట అబద్ధమైపోయిందా? కాలేదనే నేను నమ్ముతాను. ఎందుకంటే ఆ వాగ్దానం ఈ ఏడాది నీకేమీ జరగదు అని కాదు, నిన్ను నేను వదిలెయ్యలేదు, నీ కథ ఇక్కడితో ఆగదు అని. కార్డు అచ్చువేసేవాళ్ళు ఒక్క వచనమే వేస్తారు, జాగా అంతే ఉంటుంది పాపం. అది రాసిన యిర్మీయా బతుకు చూడు, పెళ్ళి వద్దన్నాడు దేవుడు, పిల్లల్లేరు, తాను పుట్టిన రోజునే శపించుకున్నాడు (20వ అధ్యాయం, ఓపికుంటే చదువు), చివరికి ఇష్టం లేకుండానే ఐగుప్తుకి లాక్కెళ్ళారు. అంత ఏడుపు ఏడ్చిన మనిషి రాశాడు కాబట్టే ఆ వచనాన్ని నేను నమ్మగలుగుతున్నా.

నీకు అందరూ ఫార్వర్డ్ చేస్తున్న రోమా 8:28 కూడా అంతే. మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి అని రాయడానికి కాస్త ముందే, సృష్టి అంతా మూలుగుతూ ప్రసవవేదన పడుతోందంటాడు పౌలు. పరిశుద్ధాత్మ మన పక్షాన "ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో" విజ్ఞాపన చేస్తాడంటాడు. నోరు పెగలట్లేదమ్మా, ప్రార్థన రావట్లేదు అన్నావు కదా. రాకపోతే పోనీ. నీ మూలుగు చాలు అక్కడికి చేరడానికి. 88వ కీర్తన అయితే చీకటే చుట్టమైంది అన్న మాటతోనే ఆగిపోతుంది, చివర్లో స్తోత్రం కూడా ఉండదు. దాన్ని కూడా దేవుడు తన పుస్తకంలో ఉంచుకున్నాడు.

మన ఒంగోలు సంగతే తీసుకో. ఏటా జనవరి ఒకటిన తెల్లవారకముందే ప్రార్థన కొండ ఎక్కేవాళ్ళం కదా, అక్కడ ప్రతిసారీ చెప్పే కథ. 1854 జనవరి 1న అమెరికా మిషనరీ జువెట్ దొర, ఆయన భార్య, ఇంకో ముగ్గురు తెలుగువాళ్ళు ఆ కొండ మీద మోకరించారు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, హల్లెలూయా, అయిపోయింది! మధ్యలో ఇరవై నాలుగేళ్ళు ఏమయ్యాయో ఎవరూ చెప్పరు. నెల్లూరు మిషన్‌లో ఏళ్ళతరబడి పని చేసినా ఫలితం లేదని, ఒకసారి కాదు, ఆ ప్రార్థనకి ముందూ తరవాతా పదే పదే మూసేద్దామనుకున్నారు అమెరికాలో పెద్దలు. ఇంకో మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు, మరుసటి ఏడాది సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. తాళ్ళకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ పెద్దమనిషి, ఊరూరా తిరిగి చెబితే మెల్లగా జనం కదిలారు. నన్నడిగితే ఆ కొండ కథలో ఆయన పేరు ముందు చెప్పాలి. ఆ తరవాత 1876లో, ధాత నామ సంవత్సరంలో, ధాత కరువు వచ్చింది. తిండి లేక రోడ్ల మీద జనం రాలిపోయారు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించి కొన్ని వేలమందిని బతికించాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని చాలా నెలలు బాప్తిస్మాలే ఇవ్వలేదు. ఆ 2,222 మందిలో చాలామంది ఎవరో ఒకర్ని ఆ కరువులో పాతిపెట్టే వచ్చి ఉంటారు, నేను అలాగే అనుకుంటా.

ఇప్పుడు చెప్పు, ఆ రెండు వేలమంది నీళ్ళలో దిగడం కోసమే దేవుడు కరువు పంపి లక్షలమందిని చంపాడని ఎవరైనా అంటే ఒప్పుకుంటావా? నేను ఒప్పుకోను. అంత కరువులోంచి కూడా ఆయన జీవం తీసుకొచ్చాడు అంటే మాత్రం ఒప్పుకుంటా, ఎందుకంటే ఆ జీవంలోంచి వచ్చినవాళ్ళమే మనం, మా తాతమ్మ వాళ్ళు కాలువ పనికెళ్ళినవాళ్ళేనని మా అమ్మ చెప్పేది. ఈ రెండు మాటలకీ చాలా తేడా ఉంది చిట్టీ. బాబు పోవడం మంచిదే అని నేను నీతో ఎప్పటికీ అనను, ఎందుకు పోయాడో నాకు తెలియదు, ఈ జన్మలో తెలుస్తుందని కూడా అనుకోను. ఆయన ఉద్దేశం నమ్మడమంటే కారణం దొరకబట్టడం అనుకోకు. క్రీస్తు సమాధిలోంచి లేచాడు, ఆ ఒక్కటీ నిజమైతే మన బాబు కూడా పోయినవాడు కాడు, మన చేతిలో లేడు అంతే. నేను దీని మీదే నిలబడి ఉన్నా. నువ్వు ఇప్పుడు నిలబడలేకపోతే పర్లేదు, నీ బదులు నేను నమ్ముతా కొన్నాళ్ళు.

మీరిద్దరూ వాడికి పేరేమైనా అనుకుని ఉంటే నాకు చెప్పు, రాత్రి ప్రార్థనలో మీ నాన్న "ఆ బిడ్డ" అంటుంటే నాకు బాగోలేదు. అనుకోకపోతే తొందరేం లేదు. అల్లుడు గారు నీ ముందు గట్టిగా ఉంటున్నారు గానీ మీ నాన్నకి ఫోన్ చేసి ఏడ్చారు, ఈ సంగతి నేను చెప్పానని అనకు, ఆయన పక్కన కాసేపు ఊరికే కూర్చో.

నేను శనివారం పొద్దున్నే దిగుతున్నా. ఆదివారం గుడికి వెళ్ళాలనిపిస్తే వెళ్దాం, పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్ళని చూడలేనంటే ఇంట్లోనే ఉందాం, పాస్టరు గారితో నేను మాట్లాడతా. ఈలోపు స్త్రీల సమాజం వాళ్ళు వస్తే పడుకుందని చెప్పించు. అబద్ధమవుతుందని బాధపడకు, నిజంగానే పడుకో. మందులు టైముకి వేసుకో.

అమ్మ